ఒక్కరు మోయగల మెషీను

వదిన పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన కొద్దిరోజులకే కార్పెట్లు కడిగే మెషీను కూడా పోయింది. ఒక ఆఫీసు గది మధ్యలో గుర్రుమని, దగ్గి, కాలిన రబ్బరు వాసన వదిలి ఆగిపోయింది. బాగుచేసే ఆయన మూత విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"దీని ఆయుష్షు తీరిందమ్మా. మోటారు మారిస్తే పంపు పోతుంది, పంపు మారిస్తే ట్యాంకు కారుతుంది. కొత్తది చూసుకోండి."

చిట్టి సరేనంది. యాభై దాటినా ఆమె అందరికీ చిట్టే. ఇంట్లో ఆఖర్న పుట్టినందుకు వచ్చిన పేరు, ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయినా అది మాత్రం ఆమెను వదల్లేదు. పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య దగ్గరే పెరిగింది, అక్కడే ఉండిపోయింది. అన్నయ్య పోయాక మిగిలింది తనూ, వదినా. ఇద్దరికీ బాగా చేతనైన పని మరకలు వదిలించడం. దాన్నే వ్యాపారం చేసుకున్నారు. ఒక పాత వ్యాను, రెండు ఏప్రన్లు, ఎవరో వాడి అమ్మేసిన పెద్ద మెషీను. ఆఫీసులు, క్లినిక్కులు, అద్దెవాళ్ళు ఖాళీ చేసిన ఇళ్ళు. వేడినీళ్ళు కార్పెట్‌లోకి చిమ్మి, మురికితో సహా వెనక్కి పీల్చుకునే మెషీను అది. గొట్టం చివరనుండే కర్ర చిట్టి పట్టుకునేది. నీళ్ళు పొయ్యడం, మురికినీళ్ళు పారబొయ్యడం, గొట్టం మెలిపడకుండా చూడడం వదిన పని. వీటన్నిటితో పాటు కబుర్లు చెప్పడం కూడా.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. వదిన ఆ సామెతను నలుగురిలోనూ వాడేసేది. "మా అర్ధమొగుడికి టీలో చక్కెర కాస్త ఎక్కువ వెయ్యండి, కోపం తగ్గుతుంది," అనేది కస్టమర్లతో. సోఫాలకు గుడ్డ మార్చే ఒకాయన ఏదో ఆఫీసులో పరిచయమయ్యాడు. ముందు మరకల గురించి, తర్వాత మోకాళ్ళ నొప్పుల గురించి, ఆ తర్వాత ఏ విషయమూ లేకుండానే వదినతో మాట్లాడడం మొదలుపెట్టాడు. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు.

"నువ్వేమంటావే?" అని అడిగింది వదిన, చేతిలో ఉన్న గుడ్డను పిండినదాన్నే మళ్ళీ పిండుతూ.

"అనడానికేముంది? పూర్తి మొగుడు దొరికాక అర్ధమొగుడితో ఏం పని?"

ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. వదిన ముందుగా నవ్వు ఆపి, చిట్టి చెంపలు తన ఏప్రన్‌తో తుడిచింది.

ఆయన ఊరు రైల్లో సగం రోజు ప్రయాణం. ఆయన్ని ఏమని పిలవాలో చిట్టికి చివరిదాకా తేలలేదు. వదిన భర్త వరసకు అన్నయ్యే. కానీ ఆ పిలుపు ఒక మనిషికిచ్చేసింది, తీసి ఇంకొకరికి ఇవ్వలేకపోయింది. 'ఏమండీ' అనీ 'ఇదిగోండి' అనీ పెళ్ళయ్యేదాకా ఎలాగో నెట్టుకొచ్చింది.

ఇప్పుడు మెషీను కావాలి. మెషీను లేకపోతే పని లేదు, పని లేకపోతే తెల్లారి లేచి ఏం చెయ్యాలో తెలీదు.

దుకాణానికి చిట్టి వట్టి చేతులతో వెళ్ళలేదు. పాత కార్పెట్ ముక్క ఒకటి తీసుకుని, దాని మీద టీ ఒలకబోసి, నూనె రాసి, మట్టి బూట్లతో తొక్కి, ఎండబెట్టి పట్టుకెళ్ళింది. అమ్మే అమ్మాయి దాన్ని వేళ్ళ కొసలతో పట్టుకుంది.

"ఇదేంటాంటీ?"

"పరీక్ష పేపరు. మీ మెషీన్లకి."

ఆ అమ్మాయి సరదా పడింది. ఒక్కొక్కటే వరసగా నడిపి చూపించింది. గుండ్రటి బ్రష్షు గిర్రున తిరిగేది పైపైన మెరుపు తెచ్చింది గానీ, చిట్టి దారాలు విడదీసి చూస్తే మురికి అడుగున హాయిగా నిద్రపోతోంది. పొడి చల్లి దులిపేది ఇంకోటి. దానికి ఆరబెట్టే బాధ లేదు, కానీ టీ మరక చెక్కుచెదరలేదు. చివరికి పాతదాని లాంటివే, నీళ్ళు చిమ్మి పీల్చేవి, రెండు మిగిలాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"మీ దగ్గర ఎంతమంది పనిచేస్తారు?" అడిగింది అమ్మాయి.

"ఇద్దరం," అంది చిట్టి.

ఇన్నేళ్ళూ అడిగినవాళ్ళందరికీ చెప్పిన మాట, అలవాటుగా జారింది. దిద్దుకోవచ్చు. కానీ దిద్దుకుంటే కథంతా చెప్పాలి. చెబితే ఆ అమ్మాయి 'అయ్యో' అంటుంది. ఆ మాట ఈమధ్య చాలామంది దగ్గర వింది. పెళ్ళి అంటే శుభవార్త, శుభవార్తకు 'అయ్యో' అనిపించుకోవడం ఏమిటని చిట్టికి సిగ్గుగా ఉండేది. ఊరుకుంది.

"అయితే ఇంకేం ఆలోచించకండి, ఇదే తీసుకోండి," అంటూ అమ్మాయి పెద్దదాని వీపు తట్టింది. లోతైన ట్యాంకు, నీళ్ళు తనే కాచుకుంటుంది, పీల్పు జోరుగా ఉంది. ముక్క ఒక మూలనున్న టీ మరక ఒక్క ఈడ్పుకే పోయింది. కడిగిన చోట చిట్టి తెల్ల తువ్వాలు వేసి, మడమతో గట్టిగా తొక్కి చూసింది. తువ్వాలుకి చెమ్మ కూడా అంటీ అంటనట్టే అంటింది. మనసు లాగేసింది. ముందు వాడి చూడండి, నచ్చితేనే కొనండి అన్నారు దుకాణంవాళ్ళు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి వ్యానులో ఎక్కించారు.

మర్నాటి పని సంగీతం మాస్టారి గదిలో. పాత మేడ, లిఫ్టు లేదు, ఆయన గది అన్నిటికంటే పైన. చప్పుడు బయటికి పోకుండా నేలంతా మందమైన కార్పెట్ పరుచుకున్నాడు. "పైన కుళాయి సన్నగా వస్తుందమ్మా, కిందే నీళ్ళు పట్టుకుని రండి," అని ముందే చెప్పి, తాళం ఇచ్చి వెళ్ళాడు.

చిట్టి ట్యాంకు సగం నింపింది. మెట్లకు వీపు తిప్పి, పిడి రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో మెట్టూ వెనక్కి ఎక్కుతూ మెషీనును లాగింది. మొదటి అంతస్తు దాకా బాగానే వచ్చింది. అక్కడి నుంచి మెట్లు ఇరుకు. సగం మెట్లెక్కేసరికి లోపలి నీళ్ళు ఒక్కసారి కిందివైపుకు ఊగి, బరువంతా అటు తూగింది. చిట్టి మోకాలితో దాన్ని గోడకు నొక్కిపెట్టి ఆపింది. పైకి లాగితే రాదు. వదిలితే ఆగదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదేనేమో అనుకుంది.

సరిగ్గా అప్పుడే ఏప్రన్ జేబులో ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

కింద తలుపు తెరుచుకుని ఒక పెద్దావిడ తొంగిచూసింది. కుడిచేతికి మోచేయి దాకా కట్టు ఉంది.

"ఏమ్మాయ్, ఆ ఫోను తియ్యవేం?"

"చేతులు ఖాళీ లేవండీ."

పెద్దావిడ పైకీ కిందికీ చూసి, గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మెషీను పక్కనుంచి ఎడమచెయ్యి జాపి, చిట్టి జేబులోంచి ఫోను తీసి, చొరవగా నొక్కి ఆమె చెవికి ఆనించింది.

"ఏం చేస్తున్నావే అర్ధమొగుడా?" అంది వదిన.

"మెట్ల మీదున్నా."

"ఆయాసపడుతున్నావేంటి? మెషీను కొన్నావా?"

"చూస్తున్నా. పెద్దది. చాలా బాగుంది."

"ఒక్కదానివీ మొయ్యకే. నడుం పోతుంది."

"ఒక్కదాన్నే ఎందుకు మోస్తాను? ఒకమ్మాయిని పెట్టుకున్నా. ఇదిగో, పక్కనే ఉంది. మంచి పనిమంతురాలు." మెషీను కొంచెం జారింది. చిట్టి పళ్ళ బిగువున ఆపింది. "మళ్ళీ చేస్తా వదినా."

"హమ్మయ్య," అంది వదిన. "నాకు అదే దిగులుగా ఉండేది."

పెద్దావిడ ఫోను తిరిగి జేబులో పెట్టింది. చిట్టి ముఖంలోకి ఒకసారి చూసింది.

"ఏదీ ఆ పనిమంతురాలు?"

చిట్టి పిడి సరిచేసి పట్టుకుంది.

"మా చెల్లెలికి నేనూ అలాగే చెబుతాలే. వంటకి మనిషి వస్తోందని," అంది పెద్దావిడ. "సరే, ఇప్పుడు ఈ గుర్రాన్నేం చేద్దాం? నేను పట్టుకుంటే ఇద్దరం కలిసి పడతాం."

"మీరు పక్కకు జరగండి. నీళ్ళు వదిలేస్తా."

చిట్టి ఒక కాలితో మెషీనును గోడకు అదిమి, వంగి, అడుగున ఉన్న బిరడా లాగేసింది. నీళ్ళు చిన్న జలపాతంలా మెట్ల మీదుగా దూకి, పెద్దావిడ వాకిట్లోని కాళ్ళు తుడుచుకునే పట్టాను ముంచి, తెరిచిన తలుపులోంచి ముందుగది కార్పెట్ అంచుదాకా వెళ్ళాయి. తేలికపడ్డ మెషీను ఒక్కో మెట్టూ దిగింది. చిట్టి మాస్టారికి ఫోను చేసి, పని మరో రోజుకి మార్చుకుంది. ఆ తర్వాత పెద్దావిడ గదిలోనే మెషీను పెట్టి, తడిసినంతా పీల్చి, తడవనిదంతా కూడా కడిగింది. మెషీను అద్భుతంగా పనిచేసింది. పెద్దావిడ ఎడమచేత్తో, సగం పళ్ళెంలోకి ఒలకబోస్తూ, టీ తెచ్చి ఇచ్చింది. కడిగాక తేలిన ఆ రంగు కార్పెట్‌కి ఉందని తనకే తెలీదంది. పట్టాను చిట్టి పిండి, మెట్ల కమ్మీ మీద ఆరేసింది. తాగిన కప్పు కూడా కడిగి పెట్టింది, ఆవిడ వద్దన్నా వినకుండా.

మర్నాడు దుకాణానికి మెషీను తిప్పి ఇచ్చేసింది.

"నచ్చలేదా ఆంటీ?"

"భలేగా నచ్చింది. దానికి నేనే సరిపోలేదు." చిట్టి మెషీను పిడి వదిలేసింది. "మొన్న ఇద్దరం అన్నాను కదా. కాదు. నేనొక్కదాన్నే చేస్తాను."

అమ్మాయి 'అయ్యో' అనలేదు. "ముందే చెప్పాలి కదాంటీ!" అని విసుక్కుని, చెయ్యి పట్టుకుని చిన్నదాని దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ విసుగు చిట్టికి ఎంతో నచ్చింది.

చిన్నది చూడ్డానికి అంత గొప్పగా లేదు. నీళ్ళు తనంతట తను కాచుకోదు, వేడిచేసి పొయ్యాలి. ట్యాంకు చిన్నది, మాటిమాటికీ పారబొయ్యాలి. ముక్క మీద మిగిలున్న టీ మరక మొదటి ఈడ్పుకి పోలేదు, నీడలా మిగిలింది. మరకల మందు చల్లి, కాసేపు నాననిచ్చి మళ్ళీ లాగితే పోయింది. తువ్వాలుకి తడి బాగానే అంటింది. కానీ వెనక చక్రాలు పెద్దవి. పిడి మడిస్తే నడుము దగ్గరికి వస్తుంది. చిట్టి దాన్ని దుకాణం లోపలి మెట్ల మీదికి తనే లాక్కెళ్ళి, తనే దింపింది. అమ్మాయి సాయానికి రాబోతే చేత్తో ఆపింది. మళ్ళీ ఎక్కించింది, మళ్ళీ దింపింది. విడిభాగాలు ఇక్కడే దొరుకుతాయా, గొట్టం చిరిగితే అతుకు వేస్తారా, కొత్తది వెయ్యాలా అని అన్నీ అడిగింది.

"దీంతో పని ఆలస్యమవుతుందాంటీ, ఆ ఒక్కటీ చెబుతున్నా," అంది అమ్మాయి.

"అవనీ. ఇంట్లో నాకోసం ఎదురుచూసేవాళ్ళెవరున్నారు?" అంది చిట్టి. నవ్వుతూ అందామనుకుంది, నవ్వు సరిగ్గా రాలేదు. అమ్మాయి తల వంచుకుని రసీదు రాసింది.

వ్యానులో కూర్చుని, తలుపు వేసుకుని, వదినకు ఫోను చేసింది.

"చిన్నదే తీసుకున్నా వదినా."

"పెద్దది బాగుందన్నావుగా? ఆ అమ్మాయి..."

"అమ్మాయీ లేదు, ఎవరూ లేరు. నిన్న మెట్ల మధ్య ఇరుక్కుపోయి నీకు అబద్ధం చెప్పా."

అటునుంచి సోఫాకి మేకులు దిగగొడుతున్న చప్పుడే వినబడింది. వదిన ఏడుస్తోందేమోనని చిట్టి భయపడింది.

"నెలకోసారి వస్తానే," అంది వదిన చివరికి. "పెద్ద పనులన్నీ ఒకచోట పెట్టుకో. వచ్చి గొట్టం పట్టుకుంటా. ఈయనేమీ అనరు."

"వద్దు వదినా."

"కోపమా?"

"కోపమెందుకు? నువ్వొస్తావంటే నేను రోజులు లెక్కపెడుతూ కూర్చుంటా. ఏ నెలైనా నీకు కుదరకపోతే, ఆ రోజు నాకు పని సాగదు. ఊరికే రా. చుట్టంలా వచ్చి, తిని, పడుకుని వెళ్ళు. ఏప్రన్ మాత్రం కట్టనివ్వను."

"అర్ధమొగుడివి అనిపించుకున్నావే," అంది వదిన.

"పెట్టేస్తున్నా. ఎండలో ఉంది బండి."

ఎండలో లేదు. నీడలోనే ఉంది. చిట్టి ఫోను ఒళ్ళో పెట్టుకుని అలాగే కాసేపు కూర్చుని, తర్వాత బండి తీసింది.

ఆ వారంలోనే సంగీతం మాస్టారి గదికి వెళ్ళింది. కొత్త మెషీను ఖాళీగా, బుద్ధిగా మెట్లన్నీ ఎక్కింది. వేడినీళ్ళు బకెట్లతో విడిగా మోసింది. గది మూల నుంచి మొదలుపెట్టి, తలుపువైపు వెనక్కి నడుస్తూ, ఒక్కో పట్టీ కడుక్కుంటూ వచ్చింది. కాసేపటికోసారి ఆపి, మురికినీళ్ళు పారబోసి, మళ్ళీ నీళ్ళు పోసి, మళ్ళీ మొదలు. పెద్దదైతే పొద్దున్నే అయిపోయే పని మధ్యాహ్నం దాటింది. మోతకు చెవులు దిమ్మెక్కాయి. ఒకసారి గొట్టం మెలిపడి పీల్పు ఆగితే, "కాస్త చూడు వదినా," అంది పైకే. గోడలకూ నేలకూ మెత్తలున్న ఆ గది మాటను అక్కడికక్కడే మింగేసింది. వెళ్ళి తనే సరిచేసుకుంది.

గుమ్మం దాకా వచ్చాక మెషీను ఆపింది. కార్పెట్ ముదురు నీలంగా, ఒకే వైపుకు దువ్విన జుట్టులా ఉంది. కిటికీలు తెరిచి, ఫ్యాన్లు పెట్టింది.

మాస్టారు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "బాగా చేశారమ్మా. ఇంకో ఆవిడ కనబడ్డంలేదే, కిందున్నారా?"

"లేరండీ. ఇప్పుడు నేనొక్కదాన్నే."

"ఓహో. ఎప్పటికి ఆరుతుంది?"

"సాయంత్రమవుతుందండీ. అంతదాకా ఎవరూ తొక్కకూడదు."

"అయితే పాఠం రేపటికి మారుస్తాలెండి. మీరు వెళ్ళండి, తలుపు నేను చూసుకుంటా."

"ఫరవాలేదండీ. నాకు తొందరేం లేదు, ఆరేదాకా ఉంటా."

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చిట్టి పై మెట్టు మీద కూర్చుని చేతి తొడుగులు విప్పింది. గొట్టాన్ని చుట్టగా చుట్టి, గుడ్డతో తుడిచి పక్కన పెట్టింది. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. సంచిలోంచి రొట్టె తీసి, కాగితం విప్పి, నెమ్మదిగా తినడం మొదలుపెట్టింది.