అరువు మాట

కూతురి పెళ్లి విందుకు జెమాల్‌ను తమదాగా పెడతానని రెవాజ్ అన్నప్పుడు ఆ వీధిలో నవ్వనివాళ్లు లేరు. తమదా అంటే బల్లకు పెద్ద. అతను గ్లాసెత్తి మాట చెబితేనే మిగతావాళ్లు తాగాలి. దేవుడికొక మాట, దేశానికొక మాట, పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ, పోయినవాళ్లకీ పుట్టబోయేవాళ్లకీ తలా ఒక మాట. కాగితం మీద రాసుకొచ్చి చదివితే ముసలమ్మలు కూడా ఎగతాళి చేస్తారు. ఆ పని చేతగాని మగవాడు ఆ కఖేతీ సీమలో ఉండచ్చు గానీ, చేతకాదని ఒప్పుకునేవాడు మాత్రం ఒక్క జెమాలే.

ఆ ఒప్పుకోలు కూడా గొణిగినట్టే ఉండేది. తండ్రి వాలికో బతికున్నన్నాళ్లూ ఆ లోయ మొత్తానికి తమదా. ఆయన మాట చెబుతుంటే వంటవాళ్లు గరిటెలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడేవారట. అలాంటివాడి కడుపున నోట్లో నాలుక లేని జెమాల్ పుట్టాడు. పండిత పుత్రుడంటే ఇతనేనని ఊరంతా నిర్ణయించేసింది. ద్రాక్షతోట పనిలో జెమాల్‌కు వంక పెట్టేవాడు లేడు. పది మంది ఎదుట నిలబెడితే మాత్రం చెమటలు తప్ప మాట పెగలదు.

"బావా, పెళ్లి నీ కూతురిది. నవ్వులపాలు చేసుకోకు. తెలావీ పట్నం నుంచి మంచి తమదాని పిలిపిద్దాం. జెమాల్ లేచి నిలబడితే దగ్గు తప్ప ఇంకేం రాదు" అన్నాడు రెవాజ్ బావమరిది గీజో.

"దగ్గినా వాడే దగ్గాలి. మా పెళ్లికి సాక్షిగా నిలబడ్డవాడు వాడు" అన్నాడు రెవాజ్. అంతటితో ఆ చర్చ ముగిసింది.

ఈ సంగతి తెలిసి జెమాల్‌కు సంతోషం కంటే సిగ్గే ఎక్కువ వేసింది. కారణం ఉంది. రెవాజ్ భార్య ఎతేరి పోయి రెండేళ్లయింది. ఆమె అంత్యక్రియలకు జెమాల్ వెళ్లలేదు. నలభయ్యో రోజు భోజనాలకూ వెళ్లలేదు. మనసు లేక కాదు. చావింటి గుమ్మంలో చెయ్యి పట్టుకుని నాలుగు మాటలు చెప్పాలి కదా, ఆ నాలుగు మాటలు దొరక్క. రెండుసార్లూ కోటు వేసుకుని వీధి మలుపు దాకా వెళ్లాడు, తిరిగొచ్చాడు. ఆ తర్వాత వెళదామంటే, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగితే ఏం చెప్పాలో అది కూడా తెలియలేదు. రెవాజ్ అడగనే లేదు. తోట గట్టు మీద ఎదురైతే ద్రాక్షకు తెగులు తగిలిందా అని మాత్రం అడిగేవాడు. చెంపదెబ్బ కొట్టినా కాస్త తేలిగ్గా ఉండేది.

అందుకే ఈ పిలుపును జెమాల్ క్షమాపణ కింద తీసుకున్నాడు. ఆ రోజు మూసుకున్న నోరు ఈ రోజు తెరవాలి, రెవాజ్ తల ఎత్తుకుని కూర్చునేలా మాట్లాడాలి అని పట్టుపట్టాడు. పట్టయితే పట్టాడు గానీ, మాటలు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

అతనికి ఎడమ చెవి వినపడదు. రాజధాని త్బిలిసీలో ఉద్యోగం చేస్తున్న కూతురు చెవి మిషన్ కొని పంపింది. అందులో మాట్లాడే యంత్రం కూడా ఉంది. ఈ రోజుల్లో పశువుల డాక్టరు దగ్గర్నుంచి బ్యాంకు దాకా మాట్లాడేదంతా అదే కదా. పదేళ్ల కిందటి వాటిలా అప్పజెప్పినట్టు జవాబివ్వదు ఇది. ఆగవలసిన చోట ఆగుతుంది, మనం నవ్వితే నవ్వుతుంది, మనిషి గొంతు వణికితే తన గొంతు తగ్గిస్తుంది. జెమాల్ అప్పటిదాకా దాన్ని వాన సంగతులే అడిగాడు. ఒక సాయంత్రం ఆవుల కొట్టంలోకి వెళ్లి, తలుపు వేసుకుని, తన కష్టం చెప్పుకున్నాడు.

"మీరేమీ భయపడకండి. నేను ముక్క ముక్కగా చెవిలో చెబుతాను, మీరు పైకి చెప్పండి. కాస్త సాధన చేద్దామా?" అంది యంత్రం.

వారం రోజులు సాధన చేశారు. ఆ కొట్టంలోని రెండు ఆవులూ విన్నన్ని గొప్ప మాటలు ఆ లోయలో ఏ ఆవూ విని ఉండదు.

పెళ్లి నాడు మధ్యాహ్నం రెవాజ్ పెరట్లో టార్పాలిన్ కింద పొడుగ్గా బల్లలు వేశారు. ఎండు ద్రాక్షకొమ్మల నిప్పుల మీద మాంసం కాలుతోంది. జున్ను రొట్టెలు పొగలు కక్కుతున్నాయి. జెమాల్ లేచాడు. గీజో పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, దగ్గు కోసం చెవులు రిక్కించాడు.

దగ్గు రాలేదు. మాట వచ్చింది. దేవుడి మాటలో వినయం ఉంది, దేశం మాటలో పౌరుషం ఉంది, కొత్త జంట మాటలో పెళ్లికొడుకు తల్లి సిగ్గుపడి నవ్వేంత చిలిపితనం ఉంది. "గౌమర్జోస్!" అని బల్లంతా గ్లాసులెత్తి జేకొట్టింది. గీజో నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది.

"వాలికో లేచి వచ్చినట్టుందే తల్లీ!" అని ఒక ముసలామె కళ్లొత్తుకుంది.

జెమాల్ ఛాతీ పొంగింది. అరువు సొమ్ము బరువు చేటని తెలియక కాదు. ఒంటి మీద పెట్టుకున్నాక అది తనదేననిపిస్తుంది, మనిషి బుద్ధి అంతే. నాలుగో గ్లాసుకల్లా, ఈ మాటలన్నీ తన లోపల ఎక్కడో ఉన్నవేననీ, మిషన్ కాస్త తలుపు తీసిందంతేననీ నమ్మడం మొదలుపెట్టాడు.

పోయినవాళ్ల మాట చెప్పే వంతు వచ్చింది. రెవాజ్ అతని వైపు వంగి, "ఎతేరి మాట మాత్రం నెమ్మదిగా చెప్పరా, నేను వినాలి" అన్నాడు.

జెమాల్ చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని గొణిగాడు. "పెళ్లికూతురి తల్లి ఎతేరి. ఈ ఊరే. పోయి రెండేళ్లయింది. పుస్తకంలో మాటలా వద్దు. ఈ ఊరివాళ్లు మాట్లాడినట్టుండాలి."

"అర్థమైంది" అంది యంత్రం. ఒక్క క్షణం ఆగి అందుకుంది. జెమాల్ గ్లాసెత్తి దాని వెంటే చెప్పాడు.

"ఈ ఇంట్లో ఒక ఆడమనిషి ఉండేది. తలుపు చేత్తో మూయడం ఆమెకు తెలియదు. రెండు చేతుల్లోనూ ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. రొట్టెల పళ్లెమో, పక్కింటి పసిపాపో. అందుకని మడమతో తన్ని మూసేది..."

ఎతేరి తలుపు మడమతోనే మూసేది. తను ఎన్నిసార్లో చూశాడు. ఇది దీనికెలా తెలిసింది? తను చెప్పలేదే! కానీ బల్లంతా ఊపిరి బిగపట్టి వింటోంది, చెవిలో గొంతు సాగిపోతోంది, ఆగితే పరువు పోతుంది. నాలుక ఆగలేదు.

"ఆ తలుపు అడుగున చెక్క అరిగిపోయింది. మార్చమని అందరూ అంటున్నారు. నేను మార్చను. ఆ అరుగుడు ఆమె సంతకం. చలిగాలి వస్తే రానీ."

ఆ "నేను" అన్న మాట దగ్గర పెళ్లికూతురు ఖాతియా చివ్వున తలెత్తి తండ్రి వైపు చూసింది. రెవాజ్ చేతిలో రొట్టెముక్క అలాగే ఉంది. జెమాల్‌కు ఒళ్లంతా చెమట పట్టింది. ఎలాగైనా ఈ మాట తన నోటి మీద నుంచి దింపుకోవాలి. తమదా చెప్పిన మాటను ఇంకొకరికి అప్పగించి కొనసాగించమనే పద్ధతి ఒకటుంది, దాన్నే అలవెర్దీ అంటారు. చావు మాటనైతే దగ్గరి మనిషికే ఇస్తారు. ఆలోచించకుండా, "అలవెర్దీ రెవాజ్‌కు!" అనేసి కూలబడ్డాడు.

రెవాజ్ లేచేలోగా గీజో లేచాడు.

"ఆగండాగండి! ఇది నలభయ్యో రోజున మా బావ చెప్పిన మాట కదూ? పొల్లు పోకుండా అదే! ఇటలీలో ఉన్న మా చిన్నచెల్లి చూసుకుంటుందని నేనే వీడియో తీసి నెట్‌లో పెట్టాను. ఏం జెమాల్, ఆ రోజు నువ్వు ఈ ఛాయలకే రాలేదుగా! ఎక్కడ విన్నావేంటి?"

జెమాల్‌కు తల కొట్టేసినట్టయింది. నెట్‌లో ఉన్న ప్రతి మాటా తిని పెరిగిన యంత్రం అది. ఊరివాళ్ల మాటలా ఉండాలని తను అడిగాడు, అది ఊరివాడి మాటే తెచ్చిచ్చింది. అది ఏడుపని గానీ, ఎవరి ఏడుపో గానీ దానికి తెలియదు. తను తెలుసుకోవలసింది. మడమ దగ్గరే ఆగిపోవలసింది. భార్యను పోగొట్టుకున్నవాడి నోటి దగ్గరి మాటను, వాడి కూతురి పెళ్లిలో, వాడి ముందే తన సొంతంలా చెప్పాడు. భూమి చీలితే అందులోకి దిగిపోయేవాడే.

"నేనే చెప్పాను వాడికి" అన్నాడు రెవాజ్.

లేచి నిలబడ్డాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఆ రోజు వాడికి ఒళ్లు తెలియని జ్వరం. తగ్గాక వచ్చాడు. తెల్లారకముందే వచ్చాడు, మీరెవరూ చూడలేదు. వంటింట్లో నాతో చాలాసేపు కూర్చున్నాడు. అప్పుడు చెప్పాను. ఇవాళ ఆ మాట నా నోటితో మళ్లీ చెప్పలేనురా, నువ్వే చెప్పు అని అడిగాను. తప్పా?"

"అయ్యో, తప్పెందుకవుతుంది బావా! నాకేం తెలుసు?" గీజో మొహం ముడుచుకుపోయింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నిట్టూర్చారు. ఇద్దరు ఆడవాళ్లు ముక్కు చీదుకున్నారు. స్నేహమంటే అదీ అని ఎవరో అన్నారు.

జెమాల్ తలెత్తలేదు. ఆ అబద్ధంలో రెవాజ్ చెప్పినవన్నీ తను చేయవలసినవే. వంటింట్లో కూర్చోవడంతో సహా.

"నా మాట వాడే చెప్పేశాడు, ఇక నేను చెప్పేదేముంది?" అని రెవాజ్ కాస్త నవ్వాడు. "ఎతేరిని నాకంటే ముందు ఎరిగినవాడు వీడు. వీడి ఎతేరి గురించి వీడు చెప్పాలి. అలవెర్దీ నీకేరా, లే."

జెమాల్ లేచాడు. చెవిలో యంత్రం మెల్లగా అంది: "క్షమించండి, ఎతేరి గారి గురించి నా దగ్గర ఇంకేమీ లేదు. ఆవిడను చూసినవారు మీరు. మీకు గుర్తున్న సంగతి ఒక్కటి చెప్పండి, మిగతాది నేను అల్లుతాను."

గుర్తు లేకేం? వానాకాలంలో తోటపని లేనప్పుడు అతను ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావడానికి ఏదో ఒక కారణం వెతుక్కుంటుంటే ఆమె లోపల్నుంచే అరిచేది. "నీకు మాటలు రావని నాకు తెలీదా చేతకానివాడా! ఎవరు మాట్లాడమన్నారు నిన్ను? వచ్చి కూర్చో, చాలు." ఆమె గురించి అతని దగ్గరున్నది అదొక్కటే. అదొక్కటీ చాలు. ఆ మాట చెప్పి, ఆమె చచ్చిపోయినప్పుడు నేను వచ్చి కూర్చోలేదు అని చెబితే, జీవితంలో మొదటిసారి సొంత మాట చెప్పినవాడవుతాడు. కానీ అలా చెబితే రెవాజ్ తన కూతురి పెళ్లిలోనే అబద్ధాలకోరు అవుతాడు. జెమాల్ పరువు కోసం ఆడిన అబద్ధం కాబట్టి జెమాలే నోరు మూసుకోవాలి.

అందరూ చూస్తున్నారు. అతను మాట్లాడకపోయేసరికి యంత్రమే జాలిపడి ఒక మాట అందించింది. జెమాల్ దాన్నే పట్టుకున్నాడు.

"ఎతేరి ఈ ఇంటి దీపం. దీపం కొండెక్కినా వెలుగు ఉండిపోతుంది."

ఏ ఊళ్లో ఏ ఆడమనిషి పోయినా చెప్పదగ్గ మాట అది. బల్లంతా లేచి నిలబడింది. "దేవుడు ఆమెకు వెలుగునివ్వాలి" అంటూ రొట్టె మీద నాలుగు చుక్కలు ద్రాక్షసారా వొంపి మిగతాది తాగారు. గీజో వచ్చి జెమాల్‌ను గట్టిగా కౌగిలించుకుని, "నన్ను క్షమించు అన్నా, నా నోరు మంచిది కాదు" అని కన్నీళ్లు పెట్టుకున్నాడు. జెమాల్ ఆ కౌగిలిలో కట్టెలా నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

కాసేపటికి పాటలు మొదలయ్యాయి. ఖాతియా తెల్ల గౌను కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బల్ల చుట్టూ తిరిగి వచ్చి అతని పక్కన వంగింది.

"జెమాల్ బాబాయ్, ఆ చెవి మిషన్ ఒకసారి తియ్యి. నేను చెప్పేది అది వినకూడదు."

బుకాయించడానికి కూడా అతనికి మొహం చెల్లలేదు. తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఆ పిల్ల అతని కుడిచెవి దగ్గరికి జరిగింది.

"నాన్న నీకు ఎప్పటికీ చెప్పడు, అందుకని నేను చెబుతున్నా. నలభయ్యో రోజున నాన్న తన పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచాడు. ఎవరు కూర్చోబోయినా లేపేశాడు. ఫాదర్ వచ్చి కూర్చుంటే ఆయన్నీ లేపాడు, అందరూ తిట్టుకున్నారు. జెమాల్ వస్తాడు, వాడేం మాట్లాడడు, పక్కన కూర్చుంటే చాలు నాకు అన్నాడు. బల్లలన్నీ తీసేశాక కూడా ఆ కుర్చీ తియ్యనివ్వలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. అతని కోటు కాలరు సరిచేసి, పెళ్లికొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. జెమాల్ గుప్పిట్లో మిషన్ సన్నగా ఏదో చెబుతూనే ఉంది, బహుశా తర్వాతి మాట కావచ్చు.

"తమదా! గ్లాసులు ఎండిపోతున్నాయి! తర్వాత ఎవరికి?" అని ఆ చివర నుంచి కేక వినిపించింది.

పిల్లల మాట చెప్పాలి. జెమాల్ గుప్పిట తెరవకుండానే లేచి నిలబడ్డాడు. పక్కన రెవాజ్ కుర్చీ అతని వైపు తిప్పుకుని, గ్లాసు మోకాలి మీద ఆనించి, ఏమీ జరగనట్టు అతని మొహంలోకి చూస్తూ వినడానికి కూర్చున్నాడు.