హులిగెమ్మ పెరట్లో కాంగ్రెస్ గడ్డి

"ఇవి పాలేనా హులిగెమ్మా?"

అంబాబాయి గడప లోపల నిలబడి అడిగింది. పొద్దున పోసిపోయిన పాలు గిన్నెలో అలాగే ఉన్నాయి. "మొన్న చేదు, నిన్న చేదు, ఈరోజూ చేదే. దేవుడి ముందర పెట్టే పాలివి. ఏం కలిపినావో నిజం చెప్పు."

ఎమ్మిగనూరులో ఆ ఇంటికి హులిగెమ్మ ఐదేళ్ళుగా పాలు పోస్తోంది. ఒక్కనాడూ మాట పడలేదు. "నీల్లు గూడ కలిపేదాన్ని కాదమ్మా" అంటూ గిన్నె అందుకుని ఓ గుక్క తాగింది. గొంతు దిగకముందే నాలుక మొదట్లో చేదు పట్టుకుంది. గిన్నె గడప మీద పెట్టేసింది.

"రేపట్నుంచి రావద్దు" అని అంబాబాయి తలుపు వేసుకుంది.

సాయంత్రానికి ఆ వీధిలో పాలు పోసే మిగతా రెండిళ్ళూ అదే మాట చెప్పాయి. మొగుడు లక్ష్మన్న పత్తి చేలలో మందు కొట్టే కూలికి పోతాడు. వాన లేకపోతే ఆ పనీ ఉండదు. అప్పుడు ఇల్లు గడిచేది ఉన్న ఒక్క గేదె మీదే. హులిగెమ్మ పొదుగంతా తడిమి చూసింది. వాపు లేదు, పుండు లేదు. పక్కింటి గంగమ్మ దిష్టి అంది. మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసినా మరునాటి పాలు చేదుగానే ఉన్నాయి.

ఆ రోజు హులిగెమ్మ ఎక్కడికీ పోకుండా గేదెను కనిపెట్టుకుని కూర్చుంది. ఆషాఢం సగమైనా వాన చినుకు లేదు. వామిలో గడ్డి అడుగంటింది. మధ్యాహ్నం వేళ గేదె పలుపు తెగేంతగా లాక్కుని, మోకాళ్ళ మీద వంగి, గోడవార నడుమెత్తు పెరిగిన చెట్లను కొరకసాగింది. కొత్తిమీరలాంటి ఆకు, ముత్యాల్లా చిన్న తెల్లపూలు. ఊళ్ళో కాంగ్రెస్ గడ్డి అంటారు. రెండేళ్ళ కిందట పెరట్లో పల్లం పూడ్చడానికి లక్ష్మన్న ఆదోని రోడ్డు పక్క నుంచి రెండు బండ్ల మట్టి తోలించాడు. ఆ మట్టితో వచ్చిందిది. ఎండకు అన్నీ మాడినా ఇది మాత్రం పచ్చగానే ఉంది.

హులిగెమ్మ ఓ ఆకు తుంచి నమిలి తుపుక్కున ఉమ్మేసింది. అదే చేదు.

గేదెను వాకిట్లోకి మార్చి వామి అడుగున మిగిలిన వట్టిగడ్డే వేసింది. నాలుగో నాటికి పాలు బాగుపడ్డాయి. గిన్నె పట్టుకుని అంబాబాయి ఇంటికి పరుగున పోయింది.

"గడ్డి తిని పాలు చేదవుతాయా? కథలు చెప్పొద్దు" అంది అంబాబాయి కిటికీలోంచే.

హులిగెమ్మ ఇంటికి తిరిగొచ్చింది. ఈ పీడ మొదలంటా తీసేయాలని కొంగు బిగించింది. మూడు రోజులు వట్టి చేతులతో పీకింది. పూత మీదున్న చెట్లను పెరడంతా ఈడ్చుకుపోయి మూలన కుప్పేసింది. ఈడ్చిన దారంతా గింజ రాలిందని ఆమెకు తెలియదు. మూడోరోజు సాయంత్రం మణికట్లు దురద పెట్టాయి. తెల్లారేసరికి రెప్పలు అంటుకుపోయాయి. మొహం ఎర్రగా ఉబ్బి, ఊపిరి పీలిస్తే పిల్లికూతలు. లక్ష్మన్న బస్సులో ఆదోనికి తీసుకుపోయాడు. డాక్టరు ఆమె చేతులు తిప్పి చూసి, "ఇంకోసారి ఆ గడ్డి ముట్టుకుంటే ఊపిరికే ముప్పు" అన్నాడు.

ఆ వారమే వాన పడింది. హులిగెమ్మ మూసుకుపోయిన కళ్ళతోనే సంతోషపడింది. పదో రోజుకు పెరడంతా ఆ మొక్కే మొలిచింది, మునుపటికి రెండింతలు.

శ్రావణంలో ఒకనాడు మధ్యాహ్నం లక్ష్మన్న వీపున పంపుతో, చేతిలో సీసాతో వచ్చాడు. పంపు వాకిట్లో దించి పెరట్లోకి నడిచాడు.

"ఏమప్పా అది?"

"పత్తికి కొట్టే మందు. పురుగు సస్తే గడ్డి సావదా?"

"ఆడ బాయుంది. పాలిచ్చే ఎనుముంది. వద్దు."

"నీ మొగం అద్దంలో సూసుకున్నావా? నువ్వు సస్తే ఎనుము నేనేం సేసుకోవాల?"

హులిగెమ్మ సీసా లాక్కోబోయింది. అతను పక్కకు నెట్టాడు. మందు కలపడానికి ఇంకేదీ దొరక్క, గేదె కుడితి తాగే బకెట్టులోనే వంచి నీళ్ళు పోశాడు. నీళ్ళు తెల్లగా మారాయి. పంపు తేవడానికి వాకిట్లోకి పోయాడు.

మందు వాసనకు తల దిమ్మెక్కి హులిగెమ్మ గోడకు ఆనుకుంది. వాపు దిగక సగమే తెరుచుకున్న కళ్ళకు ఏదో నల్లగా కదిలినట్టయింది. ఎండకు దప్పికగొన్న గేదె గూటం పెరుక్కుని, ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి వచ్చేసింది. తన బకెట్టు కనపడేసరికి తల వంచుకుని అటే నడుస్తోంది.

"హో! హో!" అని హులిగెమ్మ అరవబోయింది. గొంతులోంచి పిల్లికూత తప్ప మాట రాలేదు. దూరం అంచనా తెలియక రాయి తట్టుకుని పడింది. లేచింది. గేదె మూతి బకెట్టు అంచుకు తగిలింది. హులిగెమ్మ దాని మెడ మీద పడి, కాలెత్తి బకెట్టును తన్నింది.

మందు ఆమె పాదాల మీదుగా ఒలికి, వాలున బావివైపు పారింది.

లక్ష్మన్న పంపుతో తిరిగొచ్చాడు.

"పార తీసుకో! బాయి!" అంది హులిగెమ్మ.

అతను పంపు విసిరేసి పార అందుకున్నాడు. మట్టి తవ్వి తవ్వి అడ్డం పోశాడు. తెల్లని నీటి చాలు బావి గట్టుకు జానెడు దూరంలో ఆగింది. హులిగెమ్మ కాళ్ళ మీద కడవలకొద్దీ నీళ్ళు కుమ్మరించి సబ్బుతో రుద్దాడు. గేదె మూతి తడిగుడ్డతో తుడిచారు. మీసాల మీద రెండు తెల్ల చుక్కలు కనబడ్డాయి. లోపలికి ఎంత పోయిందో తెలియదు. ఇద్దరూ దాని ముందు కూర్చున్నారు. నురగ వస్తుందేమో, కాళ్ళు వణుకుతాయేమో అని చూస్తూనే ఉన్నారు. పొద్దు గూకే వేళకు గేదె మెల్లగా నెమరు వేయడం మొదలుపెట్టింది. లక్ష్మన్న మోకాళ్ళలో తల దూర్చుకుని ఏడ్చాడు.

మరునాడు పొద్దున, గంగమ్మ నోట సంగతి విని, అంబాబాయి వచ్చింది. హులిగెమ్మ మొహం దగ్గరగా చూసింది. నేరుగా పెరట్లోకి నడిచి, ఆ ఆకు రుచి చూద్దామని చెయ్యి చాపింది.

"ముట్టుకోవద్దమ్మా!" అని హులిగెమ్మ కేక వేసింది.

అంబాబాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "నీకు ఇంత జరిగినా నా చేతుల గురించి చూస్తావేమే" అంది. ఆ సాయంత్రమే వీధిలో ఆ రెండిళ్ళకూ తనే పోయి, "ఆ పిల్ల ఏమీ కలపలేదు. తప్పు నాది" అని చెప్పి వచ్చింది.

ఆమె భర్త శ్రీపాదరావు బడి పంతులు. వ్యవసాయ ఆఫీసు వాళ్ళను కనుక్కుని వచ్చి లక్ష్మన్నను కూర్చోబెట్టి చెప్పాడు: "పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్ళతో సహా పీకాలప్పా. చేతులకు, ముక్కుకు గుడ్డ కట్టుకో. గోడ సందుల్లో మొలిచేదానికి ఉప్పు బాగా కలిపిన నీళ్ళు పొయ్యి. మిగతా నేలలో మాత్రం ఉప్పు పోయొద్దు, ఇంకేదీ మొలవదు. ఆ నేల ఖాళీగా ఉంచకుండా ఏదన్నా ఒత్తుగా చల్లు."

లక్ష్మన్న మందు పడిన మట్టిని తవ్వి ఊరవతల లోతుగా పాతేశాడు. చేతులకు గోనెపట్టాలు చుట్టుకుని పెరడంతా పీకాడు. పూత మీదున్నవాటిని గుంత తీసి పూడ్చాడు. ఒత్తుగా సజ్జ చల్లాడు. గడ్డి మళ్ళీ మొలిచింది. మళ్ళీ పీకాడు. మూడోసారికి సజ్జ నీడన సన్నగా, అక్కడక్కడే కనబడింది.

కానీ గోడ అవతల ఖాళీ స్థలంలో అదే గడ్డి తెల్లగా పూసి ఉంది. ఆ స్థలం ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే గోవిందుది. హులిగెమ్మ ఒక్కతే బస్సెక్కి పోయి అతని అంగడి ముందు నిలబడి, ఆ గడ్డి పీకించుకుంటానని అడిగింది.

"నా జాగాలో నువ్వు కాలు పెట్టేదేంది? ఈరోజు గడ్డి అంటావు, రేపు కొట్టం వేస్తావు" అన్నాడతను తలెత్తకుండానే.

హులిగెమ్మ మొహం మీద కొంగు తీసేసింది. పొరలు లేచిన చెంపలు, నల్లగా కమిలిన మణికట్లు చూపించింది. "నీ జాగా నాకెందుకన్నా? నీ గడ్డి గాలికి మా ఇంట్లోకొస్తాంది. పూత గింజ పట్టకముందే పీకిస్తా. వద్దంటే ఆ మాట నా మొగం సూసి సెప్పు."

గోవిందు చూశాడు. చూపు తిప్పుకున్నాడు. "పీక్కోపో" అన్నాడు.

అంత స్థలం లక్ష్మన్న ఒక్కడివల్ల కాలేదు. గంగమ్మ వచ్చింది, ఆమెతో వీధిలో ఇంకో నలుగురు ఆడవాళ్ళు. రెండు రోజుల్లో అయిపోగొట్టారు.

హులిగెమ్మ ఊపిరి మెల్లగా కుదుటపడింది. ఆ మూడిళ్ళూ మళ్ళీ ఆమె చేతే పాలు పోయించుకోసాగాయి. మణికట్ల నలుపు మాత్రం పోలేదు. మరుసటేడు తొలకరికి గడ్డి జానెడెత్తు లేచింది. లక్ష్మన్న చేతులకు గోనె చుట్టుకుని దిగాడు. హులిగెమ్మ గడ్డి మీది గాలి తన వైపు రాకుండా, గాలి వీచే దిక్కున దూరంగా నిలబడి, కర్రతో చూపిస్తోంది.

"ఆడ ఒకటి. నీ ఎడమ కాలికాడ. వేరు తెగింది సూడు, మళ్ళా తవ్వు."