రెండోసారి వచ్చిన అన్న

నైనీతాల్‌కి రానివాడు లేడు. ఢిల్లీలో ఎండ కాస్త ముదిరితే చాలు, మాల్ రోడ్డు మీద కారు వెనక కారు. దొరల కాలం నాటి చర్చి ముందు ఒక ఫొటో, చెరువులో పడవెక్కి ఒక ఫొటో, చలి లేకపోయినా ఉన్ని టోపీ పెట్టుకుని ఇంకో ఫొటో. మేం ఉండేది అలాంటి దొర బంగళా వెనకాలే, నౌకర్ల కోసం కట్టిన వరస గదుల్లో. దారి తప్పి మెట్లెక్కినవాళ్ళు మా వాకిళ్ళని కూడా ఫొటో తీసుకుపోతారు. ఇంతమంది వచ్చే ఊరికి గోవిందీ వాళ్ళన్న ఒక్కడే రాలేదు.

చైత్ నెల అయిపోవస్తోంది. ఆ నెలలో పెళ్ళయిన ఆడపిల్లకి పుట్టింటి నుంచి భిటౌలీ రావాలి. చీర, గాజులు, పూరీలు, పిండిలో పెరుగూ బెల్లమూ కలిపి వేయించిన పువాలు మూటగట్టి అన్నో తమ్ముడో మోసుకురావాలి. వచ్చింది దాచుకు తినడానికి లేదు, ఇల్లిల్లూ పంచాలి. కాబట్టి ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో మా వరస మొత్తానికీ తెలిసిపోతుంది.

గోవిందీ తల్లి పోయి రెండేళ్ళు కావస్తోంది. నిరుడు ఏడాది మైల, ఎవరూ అడగలేదు. ఈ ఏడు అడుగుతారు. బాగేశ్వర్ అవతల పల్లెలో వాళ్ళ ఇంటికి తాళం. అన్న దీవాన్ సింగ్ రుద్రపూర్‌లో ఫ్యాక్టరీ పనికి కుదిరాడు. ఫోన్ చేస్తే "సెలవు దొరికితే చూస్తాలే" అన్నాడట.

"చీర కోసం కాదు ఆమా," అంది గోవిందీ ఒకరోజు, నా దగ్గర కూర్చుని, నేను దుకాణాలకి పోసే కొవ్వొత్తులకి ఒత్తులు కత్తిరిస్తూ. ఆమా అంటే అమ్మమ్మ. అరవై నిండని నన్ను వరసంతా అలాగే పిలుస్తుంది, ఎవరి నోరని మూయిస్తాను? "అమ్మ పోయాక అటువైపు నాకింకా ఎవరైనా ఉన్నారో లేదో తెలియాలి కదా."

పక్కగది ఖష్టీ ఊరుకునే రకం కాదు. తనకి నెల మొదట్లోనే వచ్చాయి కనక కొత్త గాజులు గలగలలాడిస్తూ తిరిగేది. "ఏం గోవిందీ, మీ అన్న దారి మరిచాడా, వదిన కొంగున కట్టేసుకుందా?" అనేది. గోవిందీ నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు ఖష్టీ నెత్తిన ఒకటి మొట్టబుద్ధయ్యేది.

ఒక పొద్దున గోవిందీ పళ్ళెం మీద గుడ్డ కప్పుకుని వచ్చింది.

"భిటౌలీ వచ్చింది ఆమా. దాజ్యూ తెల్లారకుండానే వచ్చాడు. పనికి వెళ్ళాలని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు."

దాజ్యూ అంటే అన్న. పువా అందుకున్నాను. చెయ్యి చుర్రుమంది. రుద్రపూర్ నుంచి బస్సులో కొండెక్కి వచ్చిన పువా అంత వేడిగా ఉంటుందా! నేను ఆమె మొహంలోకి చూడలేదు.

"పుట్టింటి నెయ్యి రుచే వేరమ్మా," అన్నాను.

"మేమెవరం చూడలేదే!" అంది ఖష్టీ తన గడపలోంచి.

"నువ్వు లేచేసరికి సగం ఊరు పడవెక్కుతుంది. నేను చూశాను. మెట్ల దగ్గర నాకు దండం కూడా పెట్టాడు."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది. నాకూ తమ్ముడున్నాడు, ఢిల్లీలో, నిక్షేపంలా ఉన్నాడు. వాడు నా గడప తొక్కి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టడం మానేశాను. చైత్ వస్తే మాత్రం మెట్ల మీద ఎవరి అడుగు వినబడినా నా చెయ్యి పనిలో ఆగిపోతుంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆ మెట్లెక్కి ఒకతను వచ్చాడు. భుజాన మూట. కనుబొమ్మలు అచ్చం గోవిందీవే. నేను లేచి ఎదురెళ్ళేలోపే ఖష్టీ అడ్డం తగిలింది.

"ఎవరు కావాలి?"

"గోవిందీ అన్నని. భిటౌలీ తెచ్చాను."

"అదేమిటి దాజ్యూ! మొన్ననేగా తెచ్చారు! మేమంతా తిన్నాం కూడా!" అంది ఖష్టీ, వరసంతా వినబడేలా.

అప్పుడే తలుపు తీసిన గోవిందీ అన్నని చూసి పరుగెత్తబోయింది. ఆ మాట విని అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఎవరికోసం కళ్ళు కాయలు కాచాయో ఆ మనిషి ఎదురుగా ఉంటే తల ఎత్తలేకపోయింది. దీవాన్ సింగ్ చెల్లెలి వైపు చూశాడు. ఎక్కువసేపేం కాదు.

"తెచ్చానండీ. తొందరలో చీరా గాజులూ ఇంట్లోనే మరిచి వచ్చాను. మా ఆవిడ పెట్టిన చీవాట్లు ఇంకా అరగలేదు."

"పువాలు మరవలేదు గాని, చీర మరిచారా!"

"తిండిపోతుని. తినేవే గుర్తుంటాయి."

అందరూ నవ్వారు, ఖష్టీతో సహా. గోవిందీ వచ్చి అన్న చొక్కా పట్టుకుని ఏడ్చింది. "ముందు టీ పెట్టవే," అన్నాడు అతను.

సాయంత్రం అతను బస్సుకి బయల్దేరాడు. నేను దుకాణానికి కొవ్వొత్తులు ఇవ్వాలి, కూడా నడిచాను. మాల్ రోడ్డు మీద జనాన్ని తోసుకుంటూ వెళ్తున్నాం. వేడి పువాల సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"ఊరెళ్ళి తాళం తీయించానామా," అన్నాడు కాసేపటికి. "అమ్మ పొయ్యి మీదే పువాలు చేయించాలనిపించింది. అందుకే ఆలస్యమైంది." మళ్ళీ అతనే అడిగాడు. "మీకు వచ్చిందా భిటౌలీ?"

"రాకేం! మా తమ్ముడు మొన్న ఆదివారం వచ్చాడు, ఢిల్లీ నుంచి. నిలబడి టీ కూడా తాగలేదు."

దీవాన్ సింగ్ నడుస్తూనే నా వైపు చూశాడు.

"అవునామా. హల్ద్వానీ బస్టాండులో కనబడ్డాడు. అక్క దగ్గర కాసేపు కూర్చోలేకపోయానని ఒకటే బాధపడ్డాడు."

కొవ్వొత్తుల బుట్ట ఈ చంకలోంచి ఆ చంకకి మార్చుకున్నాను.

"ఇంకా ఏమన్నాడు?" అని అడిగాను.