మొదటి బెంచీ

నాసిర్ మధ్యాహ్నం మూడింటికి వచ్చి కూతురి టీసీ తీసుకెళ్తానన్నాడని హెడ్మాస్టర్ రామకోటేశ్వరరావు గారు ప్రార్థన కాగానే టీచరు ఉషశ్రీకి చెప్పారు.

నాసిర్ కూతురు అఫ్సా ఐదో తరగతి. రెండు చెవులా సరిగా వినపడదు. క్యాంపులో ఇచ్చిన చెవి మిషను పెట్టుకుని, ఎదుటివాళ్ళ పెదాలు చూస్తూ మాట పోల్చుకుంటుంది. కంకిపాడు పక్కనున్న ఈ బడిలో నిరుడు అందరితోపాటు చక్కగా చదివిన పిల్ల, ఈ జూన్ నుంచి నోరు విప్పడం మానేసింది. ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంటోందట. ఇక్కడ ఉంటే పిల్ల పాడైపోతుందని బెజవాడలో వినపడని పిల్లల హాస్టల్లో చేర్చడానికి నాసిర్ నిశ్చయించుకున్నాడు. అఫ్సాకి వెళ్ళడం ఇష్టం లేదు. రాత్రంతా ఏడ్చిందని స్నేహితురాలు స్టెల్లా వచ్చి టీచరు చెవిన వేసింది.

జూన్ నుంచి ఆ క్లాసు ఉషశ్రీదే. అదీ ఆవిడ బాధ. ఆ నెలలోనే, లోపాలున్న పిల్లల్ని అందరితో కలిపి చదివించే సహిత విద్య మీద మూడు రోజుల శిక్షణకు గుణదల వెళ్ళొచ్చింది కూడా ఆవిడే. వినికిడి తక్కువున్న పిల్లల్ని ముందు కూర్చోబెట్టాలని నోట్సు రాసుకొచ్చి, మర్నాడే అఫ్సాని కిటికీ పక్క చివరి బెంచీ నుంచి లేపి మొదటి బెంచీ నడిమధ్యన కూర్చోబెట్టింది. మండల సమావేశంలో ఆ సంగతి చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకుంది. మన బళ్ళలో మొదటి బెంచీ అంటే మాటలా? దాని కోసం పెద్దవాళ్ళ చేత చెప్పించుకునే తల్లిదండ్రులున్నారు. అడక్కుండా దక్కిన ఆ గౌరవం ఈ పిల్లకెందుకు గిట్టలేదో ఉషశ్రీకి అంతుపట్టడం లేదు.

ఆ పూటంతా కంగారులో ఆవిడ చేసినవన్నీ పిచ్చి పనులే. అఫ్సా ఎదురుగా నిలబడి పాఠంలోంచి ఒక ప్రశ్న అడిగింది. జవాబు రాకపోతే గట్టిగా అడిగింది. ఇంకా గట్టిగా అడిగింది. పక్క తరగతి పిల్లలు తలుపు దగ్గరికొచ్చి తొంగి చూశారు. అఫ్సా బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుని తల దించేసుకుంది. ఉషశ్రీకి తన మీద తనకే అసహ్యం వేసింది. గోడ గడియారం చూస్తే పదకొండున్నర.

భోజనాల వేళ పిల్లలు వరండాలో బంతి కూర్చున్నారు, రెండు వరుసలు ఎదురెదురుగా. వంటమనిషి సువార్తమ్మ పప్పు వడ్డిస్తోంది. ఉషశ్రీ తినకుండానే బాక్సు మూత పెట్టేసి స్తంభం పక్కన నిలబడింది. ఎదుటి వరుసలోంచి స్టెల్లా ఏదో అంది. అఫ్సా పడీ పడీ నవ్వింది. ఆ చివర కూర్చున్న సాత్విక్ ఇంకేదో అన్నాడు. వాడికి వంగి మరీ జవాబు చెప్పింది. వరుసలో ఎవరు మాట్లాడితే వాళ్ళ మొహం మీదికి ఆ పిల్ల చూపు వెళ్తోంది.

ఉషశ్రీ అక్కడ నిలవలేక ఖాళీ క్లాసులోకి వెళ్ళి మొదటి బెంచీ నడిమధ్యన కూర్చుంది. ఎదురుగా నల్లబల్ల, తన కుర్చీ. అంతే. ఇరవై ఎనిమిది మంది పిల్లలూ వీపు వెనక ఉంటారు. ఎవరు ఏం అడిగినా, ఎవరు ఏం చెప్పినా, ఎందుకు నవ్వినా ఇక్కడికి ఒక్క మొహమూ కనపడదు. టీచరు నల్లబల్ల మీద రాయడానికి తిరిగితే ఆ ఒక్క మొహమూ పోతుంది. చివరి బెంచీలో కిటికీకి ఆనుకుని, అడ్డంగా తిరిగి కూర్చునే పిల్లకి ఒక పక్కగానైనా సగం క్లాసు కనపడేది. దాన్ని తీసుకొచ్చి ఇక్కడ పెట్టింది తను. అప్పటికి ఒంటిగంట అయింది.

పిల్లలు తిరిగి రాగానే బెంచీలన్నీ లాగించి, బంతిలో లాగే రెండు వైపులా ఎదురెదురుగా వేయించింది. ఆ చప్పుడుకి హెడ్మాస్టరు గారు పరుగున వచ్చారు. పిల్లలు నల్లబల్ల చూడాలంటే మెడలు తిప్పుకోవాలని, ఎవరైనా అధికారి వస్తే ఏం చెప్పాలని కేకలేశారు. మూడింటి దాకా ఆగమని ఉషశ్రీ బతిమాలింది. ఆయన గొణుక్కుంటూ వెళ్ళారు.

పాఠం నీటి వనరులు. మాట్లాడేవాళ్ళు చెయ్యెత్తి, అందరూ తమ వైపు చూశాకే నోరు తెరవాలని ఉషశ్రీ చెప్పింది. కాలువకి నీళ్ళెక్కడివని అడిగితే పిల్లలు బ్యారేజీ అన్నారు. అఫ్సా పలకలేదు. రెండో ప్రశ్నకీ పలకలేదు. ఆలోగా గుమ్మంలో నీడ పడింది. నాసిర్ అరగంట ముందే వచ్చేశాడు, చేతిలో దరఖాస్తు. ఉషశ్రీ పాఠం ఆపలేదు.

సాత్విక్ లేచి, కాలువలో ఏడాది పొడుగునా నీళ్ళుంటాయన్నాడు. అఫ్సా చెయ్యెత్తింది.

"ఎండాకాలం నీళ్ళు కట్టేస్తారు కదరా," అంది, ముద్దముద్దగా, వాడి మొహంలోకే చూస్తూ.

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు తనకీ కనపడి అఫ్సా కూడా నవ్వింది. నాసిర్ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కూతురి గొంతు విని ఎన్నాళ్ళయిందో.

ఉషశ్రీ వరండాలోకి వచ్చింది. నాసిర్ పక్కనే హెడ్మాస్టరు గారు కూడా ఉన్నారు. ఉన్నా సరే అనుకుంది. ముందు కూర్చోబెట్టి మిగతా పిల్లలెవరూ కనపడకుండా చేసింది తనేనని, తప్పు పిల్లది కాదని చెప్పేసింది.

నాసిర్ కూతుర్ని దగ్గరికి పిలిచి, తన మొహం కనపడేలా వంగాడు.

"అక్కడ తెలియట్లేదని ఎందుకు చెప్పలేదు బేటా?"

అఫ్సా నాన్న వంకా టీచరు వంకా మార్చి మార్చి చూసింది.

"నన్ను ఫస్టు బెంచీలో కూర్చోబెట్టారని అమ్మీ సేమ్యా చేసి వీధంతా పంచింది కదా," అంది.

ఉషశ్రీకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. నాసిర్ దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నెలాఖరు దాకా చూస్తానండీ," అన్నాడు. "కానీ మేడం గారూ, వాళ్ళమ్మకి ఈ మాట నేను చెప్పలేనండీ."

"నేనొస్తాను పదండి," అని ఉషశ్రీ చెప్పులు వేసుకుంది.