కుంకుమ గురి

ఆ దసరాకు నాచారం ఫ్యాక్టరీలో ఆయుధపూజ ముగిసి, యంత్రాలన్నీ పూలదండలతో ఊరికే ఉన్నాయి. స్పాంజి బాణాలు వదిలే బొమ్మ తుపాకులకు పదకొండేళ్లుగా స్ప్రింగులు బిగిస్తున్న స్వర్ణలత, తాను సొంతంగా మార్చిన తుపాకిని మేనేజరు జనార్ధనరావు ముందు పెట్టింది.

"డిజైను ఇంజనీర్ల పని. నీకెందుకమ్మా?" అన్నాడాయన.

ఆమెకు ఒళ్లు మండింది. బాణాల మొనలు పూజ పళ్లెంలోని తడి కుంకుమలో అద్ది, ముందు ఇంజనీర్ల తుపాకితో సున్నం గోడ మీదికి ఐదు వదిలింది. గట్టి స్ప్రింగు విసురుకు అవి తలో దిక్కుకు పోయాయి. మెత్తటి స్ప్రింగు, బాణానికి సరిగ్గా సరిపోయే గొట్టం వేసిన తన తుపాకితో వదిలిన ఐదూ అరచేయంత జాగాలో ఎర్రగా అచ్చుపడ్డాయి.

"ఏదో అదృష్టం బాగుండి తగిలాయిలే."

"గట్లనా సార్? అయితే మీరే గోడకు నిలబడున్రి. కండ్లద్దాలు మాత్రం తియ్యకున్రి."

పనివాళ్లంతా చూస్తున్నారు. వెనక్కి తగ్గితే పరువు పోతుందని ఆయన నిలబడ్డాడు. ఆమె తన తుపాకితో వదిలిన బాణం కనుబొమల నడుమ బొట్టు పెట్టి కింద పడింది.

"నొచ్చిందా సార్?"

"లేదు," అన్నాడాయన నుదురు తడుముకోబోతూ.

స్వర్ణలత ఆ చేతిలో తన తుపాకి డ్రాయింగు కాగితం పెట్టింది.

"అయితే డిజైన్ జేసినోళ్ల పేరు కాడ నా పేరు రాయున్రి. బొట్టు తర్వాత తుడుసుకుందురు గని."