సగం లోడు

సత్తయ్య డీసీఎం వ్యాను వెనక చక్రాల నడుమ వెల్లకిలా పడుకుని రబ్బరు బుగ్గను అరచేత్తో నొక్కి చూస్తున్నాడు. గుమ్మడికాయంత బుగ్గ. కమాను పట్టీల పక్కన, ఇరుసుకూ చాసీకీ మధ్య, ఇటొకటి అటొకటి బిగించారు. బరువెక్కితే గాలి పెంచాలి, దిగితే తగ్గించాలి. పొద్దున్నే ఇది చూడందే అతను బండి తీయడు.

డ్రైవరు సుఖానికి పెట్టించారనుకునేరు. లాల్‌గడి మలక్‌పేట్‌లో కోళ్ల షెడ్లున్న యాదగిరి పటేలు, బండి వెనక కుంగితే పోలీసులు ఆపుతున్నారని పెట్టించాడు. కుంగినట్టు కనబడకపోతే ఆయన లెక్కలో బరువు లేనట్టే. గుడ్ల ట్రేలు ఇంకా ఎక్కించాడు. ఇరుసు మీది బరువు ఎక్కడికి పోతుంది? పెళ్లయినప్పటి నుంచీ సత్తయ్య ఆయన బండ్లే నడిపాడు. భార్య సుందరమ్మ ఆ షెడ్లలోనే వంగి గుడ్లు ఏరింది. ఇప్పుడు ఆమె వెన్నెముకను రోగం తింటోంది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు.

అల్వాల్‌లో కూతురు షైని ప్రసవించింది. మనవరాలిని ఒక్కసారి ఒళ్లో పెట్టుకోవాలని సుందరమ్మ పట్టు. నిన్న ఆటో ఎక్కిస్తే ఊరి మలుపు దాకా కూడా ఓర్చుకోలేక కేకలు పెట్టింది. వెనక్కి తెచ్చారు. సాయంత్రం సత్తయ్య ఖాళీ డీసీఎంలో గడ్డి పరిచి, మెత్తగా ఉంటుందని బుగ్గల్లో గాలంతా వదిలి, గడ్డి మీద తానే పడుకుని, క్లీనరు జంగయ్యను నడపమన్నాడు. మొదటి గుంతకే ఇరుసు పైకి తన్నింది. పళ్లు టక్కుమన్నాయి.

"సత్తన్నా, బతికున్నవా?" జంగయ్య ముందు నుంచి కేకేశాడు.

"ఖాళీ బండి ఎగురుతాంది. గాలి ఉండాలె, బరువు గూడ ఉండాలె."

అందుకే ఈ పొద్దు అల్వాల్ లోడు తానే, సుందరమ్మను అందులో పడుకోబెట్టి తీసుకుపోతానన్నాడు. యాదగిరి పటేలు కొత్త సెల్లు చెవి నుంచి దించకుండానే విన్నాడు.

"మనిషిని గుడ్ల నడుమ తీస్కపోతవా? దిమాక్ ఖరాబైందా?"

"గుడ్డు పగలకుంట పోతే గామెకు గూడ నొప్పి తెల్వది పటేలా. సగమే ఎక్కిస్త."

"సగమా? బండి తిరుగుడు దండుగ."

"సగమే." సత్తయ్య చెప్పులేసుకుని బండి వైపు నడిచాడు. పటేలు వెనక నుంచి ఏదో అన్నాడు. అతను తిరగలేదు.

సగం లోడుకు ఎంత గాలి కావాలో తెలియదు. ఆ బండి సగంతో ఎన్నడైనా పోతే కదా! కొంచెం పట్టాడు, గేటు దాకా నడిపాడు, దిగి కొంచెం వదిలాడు, మళ్లీ నడిపాడు. బండి ఒదిగి కదిలిన చోట ఆపాడు. అప్పుడు సుందరమ్మను ఎత్తుకొచ్చి ట్రేల మధ్య గడ్డి మీద పడుకోబెట్టాడు. ఏమీ బరువు లేదు.

"ఏందయ్యా, నన్ను గూడ అంగడిల అమ్ముతవా?"

"సప్పుడు జెయ్యకు. పగిలినవంటే పటేలు నా జీతంల కోస్తడు."

ఆమె నవ్వింది. నవ్వినందుకు నడుం పట్టుకుంది.

శామీర్‌పేట్ దాటి పెద్దరోడ్డెక్కారు. వెనకొచ్చే లారీలన్నీ హారన్లు కొట్టాయి. "నిద్రవోతున్నవా బే?" అని ఒకడు తల బయటపెట్టి తిట్టాడు. సత్తయ్య వినిపించుకోలేదు. జంగయ్య క్యాబిన్ వెనక కిటికీలోంచి ఆమెనే చూస్తూ, "పండుకున్నది, గిట్లనే పోనీ" అంటూ వచ్చాడు.

షైని పసిదాన్ని పొదువుకుని గల్లీ మొదటికి వచ్చింది. దించబోతే సుందరమ్మ వద్దంది. కూతురే బండెక్కి, బిడ్డను ఆమె ఒళ్లో పెట్టి, కింద తన చేయి ఆనించింది. సుందరమ్మ ఆ చిన్న తలను మునివేళ్లతో పట్టుకుంది. బతుకంతా గుడ్లు పట్టిన వేళ్లు.

"తొవ్వల మస్తు నొచ్చిందా అమ్మా?"

"యాడిది! మీ నాయిన ఊపుకుంట తెచ్చిండు. మంచిగ నిద్రవట్టింది."

కాసేపటికి మళ్లీ కళ్లు మూసింది. పసిది ఏడ్చింది. ఆమె వేళ్లు కదల్లేదు. షైని ముందు బిడ్డను తీసుకుంది. తర్వాత అరిచింది.

సుందరమ్మను లోపలికి మోసుకుపోయారు. దుకాణాలవాళ్లు వచ్చి ట్రేలు దించుకున్నారు. మధ్యాహ్నానికి బండి ఖాళీ అయింది.

"గాలి తియ్యాల్నా అన్నా?" మెల్లగా అడిగాడు జంగయ్య.

సత్తయ్య అడ్డంగా తల ఊపి లోపలికి పోయాడు.

డీసీఎం ఎండలో నిలబడి ఉంది. ఆమె కోసం పట్టిన గాలితో ఆ రెండు బుగ్గలూ దాని కింద అలాగే ఉన్నాయి.