ఏసీ వేసినప్పుడల్లా

కారు బయట కడిగించడం ఆయన పని. కారు లోపల కడగడం నా పని. బయట మెరిస్తే నలుగురూ చూస్తారు, లోపలి మురికి ఎవరికి కావాలి? సెలవు రోజు పొద్దున్నే పాత టూత్ బ్రష్షూ, గిన్నెలో వంటసోడా పట్టుకుని సీట్ల సందుల్లోకి దూరాను. కొన్నాళ్ళుగా ఏసీ వేసినప్పుడల్లా వాసన. తడిగుడ్డ మూటగట్టి మరిచిపోతే వచ్చే వాసన. "నీ టిఫిన్ డబ్బాదే" అన్నాడాయన మొదట్లో. డబ్బా మానేశాను. "తడి జుట్టుతో ఎక్కితే అంతే మరి" అన్నారు అత్తయ్య. జుట్టు ఆరబెట్టుకునే ఎక్కాను. ఇక సాకులు అయిపోయాక, "వాసనా లేదు, గీసనా లేదు, అంతా నీ భ్రమ" అన్నాడు.

నేను పనిచేసే సబ్బుల కంపెనీలో నా ముక్కుకు జీతమిస్తారు. తయారైన సరుకు నా బల్ల మీదకు వచ్చి, నేను వాసన చూసి సరేనంటేనే గేటు దాటుతుంది. అక్కడా సుఖం లేదులెండి. నేను వద్దన్న రోజు మేనేజరు నవ్వుతూ "ఇంట్లో ఏమైనా గొడవా మేడమ్?" అంటాడు. పక్క బల్ల మీది మగాయన వద్దంటే మాత్రం మారుమాట లేకుండా వెనక్కి పంపేస్తాడు. అయినా నా మాట మీద లారీడు సబ్బు ఆగుతుంది. ఇంట్లో కారు ఆగదు.

అసలు సంగతేమిటంటే, ఆయనకు వాసన తెలియదు. రెండేళ్ళ కిందటి జ్వరంతో పోయింది, మళ్ళీ రాలేదు. ఆయన చెప్పలేదు, నేనే కనిపెట్టాను. పొయ్యి పక్కన నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడు. పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతోంది, ఆయన ముఖంలో చలనం లేదు. నేను పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపితే నా వైపు ఒక చూపు చూశాడు. ఎవరికైనా చెప్పావో, ఊరుకోను అనే చూపు. ముక్కు పనిచేయకపోతే మగాడికి ఏం పరువు పోతుందో నాకిప్పటికీ తెలియదు. అప్పట్నుంచీ ఆయన ముక్కు కూడా నేనే. విడిచిన చొక్కా ఏదో, ఉతికింది ఏదో చూసి పెడతాను. చెడిపోయిన కూరలు గుట్టుగా పక్కకు తీస్తాను. నలుగురిలో సెంటు మాటొస్తే నేనే ముందుగా "గులాబీ కదూ" అంటాను, ఆయన తలాడిస్తాడు. ఇంత ఊడిగం చేయించుకుని, వాసన ఉందో లేదో తేల్చేది మళ్ళీ ఆయనే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ రోజు డాష్‌బోర్డు డబ్బా ఊడదీసి, దాని వెనకున్న ఏసీ ఫిల్టరు లాగాను. ఎండుటాకులు, వెంట్రుకలు, నల్లటి బూజు. కొత్తది పెట్టాను. దిగబోయే ముందు కాసేపు ఏసీ ఆపి ఒట్టి ఫ్యాను తిప్పితే లోపలి తడి ఆరుతుందట, అదీ చెప్పాను. "నాకు డ్రైవింగ్ నేర్పుతావా?" అన్నాడు. బూజు వాసన పోయింది. అది పోయాకే దాని చాటున ఇంకొకటి ఉందని తెలిసింది. పొగ. కారు వెనక సైలెన్సర్ దగ్గర నిలబడితే వచ్చే పొగ, సన్నగా. నాకు భయమేసింది.

మా పాప కారులో బడికి వెళ్ళే దారిలో నిద్రపోవడం మొదలుపెట్టింది. ఏడేళ్ళ పిల్ల, వాగుడుకాయ, ఇప్పుడు బడి గేటు దగ్గర భుజం పట్టి కుదిపితే గానీ లేవడం లేదు. లేచి తలనొప్పి అంటుంది. ఆయనా కారు దిగగానే కణతలు నొక్కుకుంటూ మాత్ర మింగుతున్నాడు. ఆఫీసు ఒత్తిడట. ఎక్కణ్ణుంచో పొగ లోపలికి వస్తోంది, మెకానిక్కుకు చూపిద్దామని ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే అయింది.

ఆ తరవాతి సెలవుకు ఆడపడుచు ఇంటికి బయల్దేరాం. దూరం, పైగా వాన. అద్దాలన్నీ ఎత్తి, నేను దించడానికి లేకుండా తన దగ్గరున్న బటన్ నొక్కేశాడు. ముందు సీట్లో అత్తయ్య, వెనక నేనూ పాపా. ఊరు దాటేసరికి పొగ నా గొంతులోకి దిగింది.

"ఏవండీ, కాస్త అద్దం దించండి. పొగ వాసన."

"మొదలుపెట్టిందమ్మా" అన్నాడు అత్తయ్యతో.

"చిన్నప్పుడు వీధి చివర్నుంచే నేనేం వండానో చెప్పేసేవాడు" అన్నారావిడ. "వాడికి రాని వాసన నీకెక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

ఆయన తన తలపైనున్న చిన్న అద్దంలోంచి పాపను చూశాడు. "నువ్వు చెప్పు బంగారం. ఏమైనా వాసనొస్తోందా?"

పాప నన్ను చూసింది. అద్దంలో నాన్న కళ్ళు చూసింది.

"లేదు నాన్నా" అంది. అంటూనే గౌను మెడపట్టీ ముక్కు మీదకు లాక్కుంది.

ఏం లేదండీ, బాగానే ఉందండీ అని ఇన్నేళ్ళూ నేను అంటూ వచ్చిన గొంతు అచ్చం అదే. ఇంత చిన్న నోట్లోకి ఎప్పుడొచ్చి చేరిందో. కాసేపటికి పాప తల నా ఒళ్ళో వాలిపోయింది. పిలిచాను. పలకలేదు. చెంప తడితే కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసుకుంది.

"ఆపండి" అని అరిచాను. పెట్రోలు బంకు ఎలాగూ వచ్చింది కాబట్టి ఆపాడు. ఆయన దిగగానే ముందుకు వంగి తాళం లాక్కున్నాను. పాపను ఎత్తుకుని దిగాను. చల్లగాలి తగలగానే పిల్ల నా భుజం మీద కక్కుకుని, ఏడ్చింది. ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

"అత్తయ్యా, దిగండి" అన్నాను. ఏమనుకున్నారో, ఆవిడ మారుమాట్లాడకుండా దిగారు. దిగి, తూలి, తలుపు పట్టుకున్నారు.

ఆయన దగ్గరకొచ్చాడు. "తాళమివ్వు. అందరూ చూస్తున్నారు."

"ఇవ్వను. కారు లోపలికి పొగ వస్తోంది."

"నాకేం వాసన రావట్లేదని..."

"మీకు ఏ వాసనా రాదు" అన్నాను. తరవాత అత్తయ్య వైపు తిరిగి చెప్పాను. "రెండేళ్ళ నుంచీ రాదు అత్తయ్యా."

ఆవిడ కొడుకు ముఖంలోకి చూశారు. ఆయన తల తిప్పుకున్నాడు. బంకు వాళ్ళు దూరం నుంచి చూస్తున్నారు. ఆయన ఇంకో అడుగు ముందుకేసి, వాళ్ళకు వినబడకుండా, నవ్వు ముఖంతోనే నా చెవి దగ్గర అన్నాడు.

"ఇంటికి పద, నీ సంగతి చెప్తా."

పాప నా మెడను గట్టిగా కరుచుకుంది.

"ఏ ఇంటికి?" అన్నాను.